ఫోల్డర్ రీనేమ్ అవ్వదు, డిలీట్ అవ్వదు: డ్రైవ్ ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డీ డ్రైవ్‌లో పాత పెళ్లి ఫోటోలు, వీడియోలు ఉన్న ఫోల్డర్ ఒకటుంది, పేరు మార్చబోతే మారట్లేదు, డిలీట్ కొడితే పోవట్లేదు, ఒకసారేమో ఇంకో ప్రోగ్రామ్‌లో ఓపెన్ అయి ఉందంటుంది, ఇంకోసారేమో పర్మిషన్ కావాలంటుంది, అడ్మినిస్ట్రేటర్ మీరే అయినా సరే. ఈ మధ్యే విండోస్ మళ్లీ వేయించారు. చూసినతను డ్రైవ్ మొత్తం ఫార్మాట్ కొట్టడం తప్ప దారి లేదన్నాడు, అది నిజమేనా అని అడిగారు.

ఫార్మాట్ అస్సలు అక్కర్లేదు. మీరు చెప్పిన రెండు మెసేజ్‌లూ రెండు వేరే సమస్యలు, రెండూ ఒకే ఫోల్డర్ మీద పడ్డాయి అంతే. "ఇంకో ప్రోగ్రామ్‌లో ఓపెన్ అయి ఉంది" అంటే ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నారు, వాళ్లెవరో కనుక్కుని వదిలించాలి. "పర్మిషన్ కావాలి" అంటే ఎవరూ పట్టుకోలేదు, ఆ ఫోల్డర్ మీద మీ అకౌంట్‌కి హక్కు లేదు, ఆ హక్కు ఇచ్చుకోవాలి. మొదటిదానికి రెండోదాని మందు వేస్తే పని చెయ్యదు, రెండోదానికి మొదటిదాని మందు వేసినా అంతే. నేను గుంటూరు, విజయవాడ వైపు ఫోటో స్టూడియోలకి, డీటీపీ సెంటర్లకి, హోల్‌సేల్ షాపులకి సిస్టమ్‌లు చూస్తుంటాను, ఈ కంప్లయింట్ మీద ఫోన్ వస్తే ముందు నేనడిగేది మెసేజ్‌లో ఏముందో అక్షరం పొల్లుపోకుండా చదవమని. సగం పని అక్కడే తేలిపోతుంది.

నేను తెలుగు కీబోర్డ్ మీద రాస్తున్నా కాబట్టి కమాండ్లూ మెనూ పేర్లూ పలికినట్టే రాస్తాను, మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

ముందు "ఓపెన్ అయి ఉంది" సంగతి.

విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఒక ఫైల్ తెరిచేటప్పుడు, నేను వాడుతున్నంతసేపు వేరేవాళ్లు దీన్ని చదవొచ్చా, రాయొచ్చా, డిలీట్ చెయ్యొచ్చా అన్నది విండోస్‌కి చెప్పి తెరుస్తుంది. అందుకే మామూలుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచిన ఫైల్‌ని మీరు వెనకనుంచి డిలీట్ చెయ్యగలరు, వర్డ్‌లో తెరిచినదాన్ని చెయ్యలేరు. నోట్‌ప్యాడ్ చదివేసుకుని వదిలేస్తుంది, వర్డ్ పట్టుకునే ఉంటుంది. ఇక ఫోల్డర్ విషయానికొస్తే ఇంకో మెలిక ఉంది, చాలామందికి ఇది తెలియక బుర్ర పాడుచేసుకుంటారు. ఫోల్డర్ పేరు మార్చాలంటే దాని లోపల, లోపలి ఫోల్డర్ల లోపల, ఎంత లోతులో ఉన్నా సరే ఒక్క ఫైల్ కూడా తెరిచి ఉండకూడదు. పైన ఏమీ ఓపెన్ చెయ్యలేదండీ అంటారు, నిజమే, కానీ నాలుగు ఫోల్డర్ల కింద ఒక చిన్న వీడియోని ఎవరో పట్టుకుని ఉంటే పై ఫోల్డర్ పేరు కదలదు.

ఎవరు పట్టుకున్నారో చూడ్డానికి బయటినుంచి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, విండోస్‌లోనే రిసోర్స్ మానిటర్ ఉంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి రెస్‌మాన్ (ఆర్ ఈ ఎస్ ఎమ్ ఓ ఎన్) అని కొట్టండి. పైన సీపీయూ ట్యాబ్‌లోకి వెళ్తే కింద అసోసియేటెడ్ హ్యాండిల్స్ అని ఒక వరస ఉంటుంది, దాని కుడి చివర వెతికే పెట్టె. అందులో మీ ఫోల్డర్ పేరు, లేదా పేరులో ఒక ముక్క కొట్టి కాసేపు ఆగండి. పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు, దాని నంబరు, ఏ ఫైల్‌ని పట్టుకుందో దాని పూర్తి దారి, అన్నీ వరసలో వచ్చేస్తాయి. ఇంకా సులువు కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ అని ఉచితంగా వస్తుంది, అందులో ఫైల్ లాక్‌స్మిత్ అనే భాగం ఆన్ చేసుకుంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్‌లోనే చూపిస్తుంది, అక్కడే ఎండ్ టాస్క్ బటన్ కూడా ఉంటుంది. ఖాళీగా చూపిస్తే అదే విండోలో అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ తెరవమనే బటన్ ఉంటుంది, అది నొక్కండి, లేకపోతే వేరే యూజర్ల కింద, సిస్టమ్ కింద నడిచేవి కనపడవు.

మీది పెళ్లి ఫోల్డర్ అన్నారు కాబట్టి నా అనుమానం ముందుగా థంబ్‌నెయిల్స్, అంటే ఫోల్డర్‌లో ఫైల్స్‌కి కనపడే బుల్లి బొమ్మల మీదకే పోతుంది. ఒక స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాడికి రోజూ ఇదే గొడవ, పని అయిపోయిన ఫోల్డర్‌ని "డెలివర్డ్" అని పేరు మార్చబోతే మారదు, ఫోటోషాప్ మూసేశాను కదన్నా అంటాడు. రెస్‌మాన్‌లో చూస్తే అక్కడ ఫోటోషాప్ లేదు, డీఎల్ఎల్‌హోస్ట్ ఉంది, ఎదురుగా కెమెరాలోంచి తెచ్చిన ఒక ఎంటీఎస్ వీడియో దారి. ఈ డీఎల్ఎల్‌హోస్ట్‌నే టాస్క్ మేనేజర్‌లో కామ్ సరోగేట్ అంటుంది. ఆ వీడియోకి బుల్లి బొమ్మ తయారుచేద్దామని ఎక్స్‌ప్లోరర్ ఈ పనివాణ్ణి పంపింది, వీడియో ఫైల్ సరిగ్గా కాపీ కాకపోవడం వల్ల అది అక్కడే ఇరుక్కుని కూర్చుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ కామ్ సరోగేట్‌ని ఎండ్ చేస్తే ఫోల్డర్ వదిలేసింది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌లోకి వెళ్లి "ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్" టిక్ పెట్టుకోండి, కుడివైపు ప్రివ్యూ పేన్ తెరిచి ఉంటే ఆల్ట్, పీ కలిపి నొక్కి మూసెయ్యండి. ఆ ప్రివ్యూ పేన్ కూడా ఫైల్‌ని పట్టుకునే రకమే.

రెస్‌మాన్‌లో ఎక్స్‌ప్లోరర్ పేరే కనిపిస్తే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ కొట్టండి, టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై వస్తుంది, కంగారు పడొద్దు. కమాండ్ ప్రాంప్ట్ విండో ఆ ఫోల్డర్ లోపల నిలబడి ఉన్నా కూడా కదలదు, ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకి ఇది తరచుగా అవుతుంది, వీఎస్ కోడ్‌లో కింద టెర్మినల్ తెరిచి ఉంచి పైన ఫోల్డర్ డిలీట్ కొడుతుంటారు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి సింక్ చేస్తుంటే వాటిని పాజ్ పెట్టి చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మీకు తెలియకుండానే వన్‌డ్రైవ్ కిందకి వెళ్లిపోయి ఉంటాయి, అది గమనించండి. యాంటీవైరస్ స్కాన్ నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగితే చాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఇంకో మంచి టూల్ ఉంది, సిస్‌ఇంటర్నల్స్ వాళ్లది, అదీ మైక్రోసాఫ్ట్‌దే. దాంట్లో ప్రోగ్రామ్‌ని మూయకుండా అది పట్టుకున్న ఆ ఒక్క ఫైల్ హ్యాండిల్‌ని మాత్రమే లాగేసే క్లోజ్ హ్యాండిల్ అనే ఆప్షన్ ఉంటుంది. దాని జోలికి వెళ్లొద్దు. హ్యాండిల్ అంటే ఒక నంబరు, మీరు బలవంతంగా మూసేసిన సంగతి ఆ ప్రోగ్రామ్‌కి తెలియదు, అదే నంబరు కాసేపటికి దాంట్లోనే ఇంకో ఫైల్‌కి దక్కొచ్చు, అప్పుడు ఈ ఫైల్‌లో రాయాల్సింది ఆ ఫైల్‌లోకి పోతుంది. ప్రోగ్రామ్‌ని మామూలుగా మూయండి, అది వినకపోతే ఎండ్ టాస్క్ చెయ్యండి, అంతవరకే.

పట్టుకున్నది "సిస్టమ్" అని చూపిస్తే ఇది వేరే కథ. రెస్‌మాన్‌లో సిస్టమ్, నంబర్ 4 అని వస్తే చాలాసార్లు దానర్థం మీ ఫోల్డర్ షేరింగ్‌లో ఉంది, వేరే కంప్యూటర్‌లోంచి నెట్‌వర్క్ మీద ఎవరో ఫైల్ తెరిచి ఉన్నారు. ఒక హోల్‌సేల్ షాపులో ట్యాలీ డేటా ఫోల్డర్‌ని కొత్త డ్రైవ్‌కి మార్చుదామని వెళ్లాం, కౌంటర్ సిస్టమ్‌లో ట్యాలీ మూసేశారు, అయినా ఫోల్డర్ కదలట్లేదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ ఫైల్ అని కొడితే బయటినుంచి తెరిచిన ఫైల్స్ అన్నీ యూజర్ పేరుతో సహా వచ్చాయి, చూస్తే గోడౌన్‌లో ఉన్న సిస్టమ్‌లో గుమస్తా గారు కంపెనీ తెరిచి ఉంచి భోజనానికి వెళ్లారు. అక్కడినుంచే ఆ కనెక్షన్ తెంచెయ్యొచ్చు, నెట్ ఫైల్ తర్వాత ఆ నంబరు, దాని తర్వాత /క్లోజ్ అని కొడితే తెగిపోతుంది, కానీ లెక్కల డేటా మధ్యలో తెంచితే ఎంట్రీలు చెడిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఆయనకి ఫోన్ చేయించి సరిగ్గా బయటికి రమ్మన్నాం. ఫోటోల ఫోల్డర్ అయితే తెంచినా నష్టం లేదు, అకౌంట్స్ డేటా అయితే మాత్రం మనిషిని పిలవండి.

ఏదీ దొరకకపోతే రీస్టార్ట్ చెయ్యండి. రీస్టార్ట్ అన్నాను, షట్‌డౌన్ కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రామ్‌లు మూసుకుంటాయి గానీ లోపలి విండోస్ కెర్నల్, డ్రైవర్లు ఉన్నవి ఉన్నట్టు డిస్క్ మీద దాచిపెట్టి మర్నాడు అవే మళ్లీ లేపుతుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటినుంచి లోడ్ అవుతుంది. రాత్రి ఆపి పొద్దున్నే వేశానండీ అయినా అంతే అనేవాళ్లలో కొందరికి ఇదొక్కటే కారణం.

ఇప్పుడు "పర్మిషన్ కావాలి" సంగతి. మీ కేసులో అసలైన చిక్కు ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే విండోస్ మళ్లీ వేయించారు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయిన డ్రైవ్‌లో (విండోస్ మామూలుగా వాడేది ఇదే) ప్రతి ఫైల్‌కీ ఫోల్డర్‌కీ ఒక ఓనర్ ఉంటారు. ఆ ఓనర్‌ని విండోస్ పేరుతో గుర్తుపెట్టుకోదు, ఎస్-1-5-21 అని మొదలయ్యే ఒక పొడుగాటి నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. విండోస్ మళ్లీ వేసి మీరు అదే పేరుతో అదే పాస్‌వర్డ్‌తో అకౌంట్ పెట్టుకున్నా నంబర్ మాత్రం కొత్తదే వస్తుంది. డీ డ్రైవ్‌లో ఉన్న పాత ఫోల్డర్‌కి మాత్రం పాత నంబరే తెలుసు, మీరు దానికి పరాయివాళ్లు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి చూడండి, అకౌంట్ అన్‌నోన్ అని పక్కన ఆ పొడుగాటి అంకెలు కనపడితే కారణం ఇదే.

విరుగుడు ఇదీ. సెక్యూరిటీలోంచి అడ్వాన్స్‌డ్ నొక్కండి, పైన ఓనర్ అన్న చోట పక్కనే చేంజ్ అని ఉంటుంది. అక్కడ మీ యూజర్ పేరు కొట్టాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లకి ఇక్కడే తికమక, ఏ పేరు కొట్టినా దొరకలేదంటుంది, అలాంటప్పుడు ఆ చిన్న విండోలోనే మళ్లీ అడ్వాన్స్‌డ్, తర్వాత ఫైండ్ నౌ నొక్కితే లిస్ట్ వస్తుంది, అందులో మీ పేరు ఎంచుకోండి. ఓకే కొట్టాక ఓనర్ కింద "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్" అనే గడి కొత్తగా కనపడుతుంది, దాన్ని టిక్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే పై ఫోల్డర్ ఒక్కటే మీదవుతుంది, లోపలివన్నీ పాతవాళ్ల పేరు మీదే ఉంటాయి. అప్లై కొట్టి ప్రాపర్టీస్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఓనర్ అయినంత మాత్రాన పని అయిపోదు, ఓనర్‌కి పర్మిషన్ ఇచ్చుకునే అధికారం వస్తుంది అంతే, ఇచ్చుకోవాల్సింది మీరే. సెక్యూరిటీలో ఎడిట్ నొక్కి మీ పేరు యాడ్ చేసి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

వేల ఫైల్స్ ఉంటే మౌస్‌తో విసుగు, కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రెండు కమాండ్లు చాలు. మొదటిది టేక్‌ఓన్ అనే ఒకే మాట, తర్వాత /ఎఫ్, తర్వాత డబుల్ కోట్స్‌లో ఫోల్డర్ దారి, తర్వాత /ఆర్, చివర /డీ ఖాళీ వదిలి వై. రెండోది ఐ సీ ఏ సీ ఎల్ ఎస్ అనే అక్షరాలు కలిపి, మళ్లీ కోట్స్‌లో దారి, తర్వాత /రీసెట్ /టీ /సీ. ఈ రెండోది లోపలున్న వింత పర్మిషన్లన్నీ తుడిచేసి డ్రైవ్ మీద ఉన్నవే కిందకి దించుతుంది. దారి కొట్టేటప్పుడు కళ్లు పెట్టుకుని చూడండి, కోట్స్ లేకపోతే పేరులో ఖాళీ ఉన్నచోట తెగిపోయి కమాండ్ సరిగ్గా పని చెయ్యదు.

ఇంకో హెచ్చరిక, ఇది ఎంతచెప్పినా తక్కువే. ఈ ఓనర్‌షిప్ పని మీ సొంత డేటా ఫోల్డర్ మీద మాత్రమే చెయ్యండి. సీ డ్రైవ్ మొత్తం మీద, విండోస్ ఫోల్డర్ మీద, ప్రోగ్రామ్ ఫైల్స్ మీద, విండోస్‌యాప్స్ మీద చెయ్యొద్దు. అక్కడ ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అని కనిపించేది వైరస్ కాదు, విండోస్ తన ఫైల్స్‌ని తానే కాపాడుకునే కాపలా. దాన్ని తీసి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చిన సిస్టమ్‌లు బాగుచెయ్యమని నా దగ్గరకొచ్చాయి, స్టార్ట్ మెనూ తెరుచుకోదు, స్టోర్ యాప్స్ లేవవు, చివరికి విండోస్ మళ్లీ వెయ్యడమే అయ్యింది. విండోస్ డాట్ ఓల్డ్ అని పాత విండోస్ మిగిలిపోయిన ఫోల్డర్ తియ్యాలంటే సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ టిక్ పెట్టి తీసెయ్యండి, చేత్తో డిలీట్ చెయ్యక్కర్లేదు.

ఫోటోలు ముందు వాడినవాళ్లు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, అంటే ఫైల్ ఐకాన్ మీద చిన్న తాళం గుర్తు ఉంటే, ఓనర్‌షిప్ తీసుకున్నా ఫోల్డర్ డిలీట్ అవుతుంది గానీ ఫోటో తెరుచుకోదు, పాత విండోస్‌లో ఉన్న సర్టిఫికెట్ కావాలి. ఆ బ్యాకప్ ఉందేమో వెతికేదాకా వాటిని డిలీట్ చెయ్యకండి.

చాలామంది ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ దగ్గర చిన్న నల్ల చతురస్రం చూసి అదే కారణం అనుకుని తీస్తూ ఉంటారు, తీసినా మళ్లీ వస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు, ఫోల్డర్ మీద ఆ గుర్తు పేరు మార్చడాన్ని ఆపదు, వదిలెయ్యండి.

మీ కేసు కాకపోయినా ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుందని ఇంకో రెండు మూడు చెప్తాను.

నోట్‌ప్యాడ్‌లో కోడ్ పేస్ట్ చేసి ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టే ట్రిక్ ఒకటి ఏళ్లతరబడి తిరుగుతోంది. ఒక ఇంజనీరింగ్ పిల్లాడు తన ప్రాజెక్ట్ మొత్తం అందులో పెట్టి పాస్‌వర్డ్ మర్చిపోయి ఏడుపు ముఖంతో వచ్చాడు. నిజానికి అక్కడ తాళం లేదు. ఆ కోడ్‌ని సేవ్ చేస్తే తయారయ్యే బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా నడిపే ఫైల్) చేసేదల్లా ఫోల్డర్ పేరుని కంట్రోల్ ప్యానెల్ అని మార్చి వెనక మీసాల బ్రాకెట్లలో ఒక పొడుగాటి కోడ్ తగిలించడం, ఆపైన దాన్ని హిడెన్, సిస్టమ్ అని గుర్తుపెట్టడం. ఆ కోడ్ వల్ల క్లిక్ చేస్తే ఫోల్డర్ బదులు కంట్రోల్ ప్యానెల్ తెరుచుకుంటుంది. బ్యాచ్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ నొక్కితే పాస్‌వర్డ్ అందులోనే మామూలు అక్షరాల్లో ఉంటుంది, ఆ పిల్లాడికి అక్కడే దొరికింది. బ్యాచ్ ఫైల్ పోతే కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ తర్వాత మైనస్ హెచ్, మైనస్ ఎస్, కోట్స్‌లో ఆ పేరు కొట్టి, తర్వాత రెన్ కమాండ్‌తో మామూలు పేరు పెట్టుకోవచ్చు. దయచేసి ఇలాంటివాటితో ముఖ్యమైనవి దాచకండి.

డిలీట్ కొడితే "ఈ ఐటమ్ దొరకలేదు, ఇక్కడ లేదు" అంటుంది, కళ్లెదురుగా ఉంటుంది. ఇది ఎక్కువగా పేరు చివర ఖాళీగానీ చుక్కగానీ ఉన్న ఫోల్డర్లకి వస్తుంది. విండోస్ తన వైపునుంచి ఆ చివరి చుక్కని కత్తిరించి వెతుకుతుంది, అలాంటి పేరు లేదు కాబట్టి లేదంటుంది. కాన్, ఆక్స్, నల్, పీఆర్‌ఎన్, కామ్1 లాంటి పేర్లకీ ఇలాంటి తంటాయే, అవి డాస్ కాలంనుంచి పరికరాలకి కేటాయించినవి. 7-జిప్ ఉంటే దాని ఫైల్ మేనేజర్‌లోంచి రీనేమ్ చేసి చూడండి, లేదా కమాండ్ ప్రాంప్ట్‌లో ఆర్‌డీ /ఎస్ /క్యూ కొట్టి దారికి ముందు \\?\ తగిలించండి, అది పెడితే విండోస్ పేరుని కత్తిరించకుండా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. ఆర్‌డీతో పోయింది రీసైకిల్ బిన్‌లోకి రాదు, గుర్తుంచుకోండి.

ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో ఫోల్డర్ అలా లోతుకి పోయి మొత్తం దారి 260 అక్షరాలు దాటినా ఎక్స్‌ప్లోరర్ చేతులెత్తేస్తుంది. పైనుంచి ఒక్కో ఫోల్డర్ పేరు ఒక అక్షరానికి కుదిస్తూ వస్తే దారి చిన్నదై తర్వాత మామూలుగానే డిలీట్ అవుతుంది.

"కరప్టెడ్ అండ్ అన్‌రీడబుల్" అని వస్తే మాత్రం తాళాలూ పర్మిషన్లూ పక్కనపెట్టండి, అది డిస్క్ సమస్య. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటిదానితో డిస్క్ ఆరోగ్యం చూసుకోండి, కాషన్ అనో బ్యాడ్ అనో చూపిస్తే కాపీ అయినంతవరకు వేరే డ్రైవ్‌లోకి లాగేసుకుని ఆ తర్వాతే చెక్‌డిస్క్ (సీ హెచ్ కే డీ ఎస్ కే) /ఎఫ్ నడపండి. పోయేలా ఉన్న డిస్క్ మీద చెక్‌డిస్క్ నడిపితే ఉన్న ఊపిరి కూడా పోవచ్చు.

ఇంటర్నెట్‌లో ఉచిత అన్‌లాకర్ అని దొరికేవాటి గురించి కూడా అడిగారు. కొన్ని బాగానే పనిచేస్తాయి, లాక్‌హంటర్ నేనూ వాడాను, కానీ ఎక్కడెక్కడి డౌన్‌లోడ్ సైట్లనుంచో దింపితే ఫోల్డర్ వదిలేలోగా బ్రౌజర్‌లో రెండు టూల్‌బార్లు కూర్చుంటాయి. పైగా పర్మిషన్ సమస్యకి అన్‌లాకర్ ఏం చేస్తుంది, అక్కడ పట్టుకున్నవాళ్లే లేరు కదా. రెస్‌మాన్, పవర్‌టాయ్స్ ఉండగా వాటి అవసరం నాకు చాలా అరుదుగా వస్తుంది. ఇవేవీ కాకపోతే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా సేఫ్ మోడ్‌లోకి వెళ్లి అక్కడ డిలీట్ చెయ్యండి, బయటి ప్రోగ్రామ్‌లు అక్కడ దాదాపుగా లేవవు.

మీరు చెయ్యాల్సిన వరస: ముందు ఆ ఫోటోల్లో కావల్సినవి కాపీ అవుతాయేమో చూసి వేరే చోట పెట్టుకోండి, ఆ తర్వాత ఓనర్‌షిప్, ఫుల్ కంట్రోల్, ఆ తర్వాత రీస్టార్ట్, ఇంకా "ఓపెన్ అయి ఉంది" అంటే అప్పుడు రెస్‌మాన్. సెక్యూరిటీ ట్యాబ్ అసలు కనిపించకపోతే ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ కాకుండా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయ్యుంటుంది, వాటిలో ఇలాంటి పర్మిషన్లే ఉండవు, అప్పుడు నేరుగా రెస్‌మాన్‌కే వెళ్లండి. అప్పటికీ కదలకపోతే రెస్‌మాన్‌లో వచ్చిన ప్రోగ్రామ్ పేరు, మెసేజ్‌లో ఉన్న పూర్తి మాటలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.